గట్టు కింద గాజుతీగ

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. నేను పెళ్ళికి వెళ్ళొచ్చి "ఐదొందల మంది వచ్చారు" అంటే మా ఆవిడ వంటింట్లోంచే "అయితే ఎనభై" అంటుంది. వానలో తడిసిపోయానంటే చొక్కా పట్టుకుని చూస్తుంది. కొవ్వూరు నుంచి రాజమండ్రి వస్తుంటే బ్రిడ్జి మీద ఎదురుగాలికి నా స్కూటరు వెనక్కి నడిచిందని ఒకసారి పొరపాటున అన్నాను. అప్పట్నించి మా వీధివీధంతా నా మాటకి తరుగు తీసి మరీ తూకం వేస్తున్నారు. మీరూ తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

కాకపోతే ఈ గుణమే నాకు అన్నం పెడుతోంది. భూమి లోపల ఏముందో చూసే సర్వే కంపెనీలకి, ఆ భూమి మీద పంట వేసుకున్న రైతులకి మధ్య మాటలు మోయడం నా ఉద్యోగం. ఇంటర్వ్యూలో నన్ను "మీకు జియాలజీ వచ్చా?" అని అడిగారు. "రాదండి. కానీ వచ్చినవాళ్ళ కంటే బాగా చెబుతాను" అన్నాను. అక్కడున్న ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ముగ్గురు కాదేమో, ఇద్దరు.

నేను చెప్పబోయేది నరసాపురం దిగువన జరిగింది. అక్కడొక కొబ్బరితోటలో ఏనాడో మూసేసిన గ్యాస్ బావి ఉంది. ఈ డెల్టాలో అలాంటి బావులు ఎన్నో ఉండగా మా కంపెనీవాళ్ళ వేలు సరిగ్గా దాని మీదే పడింది. దానికి ఆనుకుని ఉన్న రొయ్యల చెరువు ఎవరిదనుకున్నారు? మా బావమరిదిది. మా ఆవిడకి సొంత తమ్ముడు. మ్యాపులో ఆ చుక్క చూసినప్పుడే నాకు మా ఆవిడ మొహం కనపడింది.

కంపెనీవాళ్ళు చేసే పని ఇది. ఆ బావిలోకి చిటికెన వేలంత లావు కేబుల్ దించుతారు. దాని లోపల వెంట్రుక లాంటి గాజుపోగు ఉంటుంది. పైనుంచి అందులోకి వెలుతురు పంపిస్తారు. నేల అదిరినచోట ఆ గాజుపోగు రవ్వంత సాగుతుంది. ఎంత సాగుతుందంటే, నేను కూడా పెంచి చెప్పలేనంత. సాగినచోటి నుంచి వెనక్కి వచ్చే వెలుతురులో చిన్న తేడా వస్తుంది. ఆ తేడా పట్టుకుని ఏ లోతున ఎప్పుడు అదిరిందో చెప్పేస్తారు. అంటే కేబుల్ పొడవునా చెవులే. ఇక పైన ఒక పెద్ద లారీ నేల మీద ఇనప పలక ఆనించి గుర్రుమని అదిరిస్తుంది. ఆ అదురు కిందకి పోయి, రాతిపొరలకి తగిలి తిరిగి వస్తుంటే కేబుల్ వింటుంది. విన్నదాన్నిబట్టి కింది పొరల బొమ్మ గీస్తారు.

"గోదారమ్మకి స్కానింగ్ అన్నమాట" అన్నాను రైతులతో, మేత షెడ్డులో మీటింగు పెట్టినప్పుడు.

"ఆడపిల్లో మగపిల్లో చెబుతారేంటండీ?" అన్నాడు పక్క చెరువు పెద్దాయన. ఊరి తరఫున మాట్లాడేది ఆయనే.

"చెప్పకూడదండి. చట్టం ఒప్పుకోదు."

అందరూ నవ్వారు. ఇంతవరకూ బాగానే ఉంది. లోపలికెందుకు దించడం, పైనే పరుచుకుని వినొచ్చుగా అని ఇంకెవరో అడిగారు. మన ఒండ్రునేల మెత్తన, పైకొచ్చేలోపు సద్దంతా మింగేస్తుంది, అందుకే చెవినే లోపలికి దించుతున్నాం అన్నాను. దానికీ తలలూపారు. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాను. కేబుల్‌కి చెవులు ఎక్కువ, మర్యాద తక్కువ. అక్కర్లేనివన్నీ వింటుంది. లారీ అదురుతున్నంతసేపూ చుట్టుపక్కల చెరువుల్లో ఏరియేటర్లు ఆపాలి.

ఊగుతున్న తలలు ఆగిపోయాయి.

రొయ్యల చెరువు ఎరగనివాళ్ళకి చెబుతాను. చెరువులో నీళ్ళ మీద తెడ్ల చక్రాలు తిరుగుతుంటాయి. నీళ్ళని చిలికి గాలి కలుపుతాయి. అవే ఏరియేటర్లు. రొయ్య ఆ గాలి మీదే బతుకుతుంది. ఎండ బాగా ఉంటే నీళ్ళలో పచ్చదనం కూడా కొంత గాలి ఇస్తుంది కాబట్టి మధ్యాహ్నం పూట కాసేపు చక్రాలు ఆపినా పరవాలేదు. మబ్బు పడితే మాత్రం ఆపకూడదు. ఇది అక్కడ బడికెళ్ళని పిల్లాడికీ తెలుసు.

"ఊపిరి ఆపమంటున్నారేంటండి?" అన్నాడు పెద్దాయన. ఈసారి నవ్వు లేదు.

"పావుగంటేనండి. మంచి ఎండలో."

"సరేనండి. తవరు ముందు ఆ నీళ్ళలో ఓ పావుగంట మునిగుండండి. బాగానే లేస్తే అప్పుడు ఆపుదాం."

మిగతావాళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు. ఒకరి చెరువు ఎండబెట్టి ఉంది, ఇంకొకరు నిన్నగాక మొన్నే సీడ్, అంటే రొయ్యపిల్లలు, వదిలారు. నిండా ఎదిగిన రొయ్య ఉన్నది మా బావమరిది చెరువులోనే. వల వేసి పట్టే పట్టుబడికి ఇంకా కొద్దిరోజులే. అంతకుముందు రెండు పంటలూ తెల్లమచ్చ రోగం తగిలి పోయాయి. ఇదీ పోతే చెరువు వదిలేసి ఎక్కడైనా జీతానికి చేరతానని వాళ్ళ అక్కతో అన్నాడట. ఆ అక్క ఆ మాట నాతో రోజూ అంటోంది. అందుచేత షెడ్డులో అందరూ వాడివైపే చూశారు. వాడు నావైపు చూశాడు.

"బావగారు చెప్పారు కదండీ. ఆపుదాం" అన్నాడు.

నేను చెప్పిన సైన్సు చూసి ఒప్పుకోలేదు వాడు. అక్క మొగుడి మాట నలుగురిలో కాదనలేక ఒప్పుకున్నాడు. నాకది అప్పుడే తెలుసు. తెలిసీ టీలు తెప్పించాను.

లారీ వచ్చే రోజు పొద్దున్నే మా ఆవిడ ఫోను. "ఏవండీ, వాడి చెరువులో ఒక్క రొయ్య తేలినా మీరు ఇంటికి రావద్దు. ఆ కంపెనీ వ్యానులోనే పడుకోండి."

"ఏమీ కాదే."

"మీరు ఏమీ కాదన్నారంటే ఏదో అవుతుందనే నా భయం."

పొద్దున ఎండ పెళపెళలాడుతోంది. నేలకి అట్లపెనం ఆనిస్తే అట్టు వేగేదే. కేబుల్ బావిలోకి దిగింది. బావి దగ్గర్నించి రోడ్డు మీద కంప్యూటర్లున్న వ్యానుదాకా మా బావమరిది చెరువుగట్టు వెంబడి బెత్తెడు లోతున దాన్ని పాతి మట్టి కప్పారు. గట్టు మీదికి బండ్లు, గేదెలు రాకుండా రోడ్డు దగ్గర ఒక మనిషిని నిలబెట్టారు. లారీ వచ్చి కొబ్బరితోట పక్కన నిలబడింది. అప్పుడు పట్టింది మబ్బు.

"బావగారూ, మబ్బండి."

"చూస్తున్నానురా."

"సముద్రం వైపు నించండి. అటు పడితే తొందరగా పోదండి."

నేను వ్యానులోకి వెళ్ళాను. అక్కడ ఇంజనీరమ్మ ఉంది. కరీంనగర్ వైపు పిల్ల. ఈ గాజుపోగు మాట వినపడేది ఆ అమ్మాయికొక్కదానికే అన్నట్టు దాన్ని చూసుకునేది. "అమ్మా, రేపు పెట్టుకుందామా?" అన్నాను.

"లారీ రేపు పొద్దుగాల్నే వెళ్ళిపోతది సార్. కేబుల్ కూడా ఇయ్యాల్నే తీసేస్తరు. ఇయ్యాల గాకపోతే ఇగ లేదు."

మళ్ళీ గట్టు మీదికి వచ్చాను. నీళ్ళలో గాలి ఎంతుందో చూసే మీటరు ముంచి చూస్తున్నాడు మా బావమరిది. "ఉందండి. మరీ ఎక్కువ లేదు గానీ ఉందండి" అన్నాడు. నేనేమీ అడక్కుండానే మళ్ళీ వాడే అన్నాడు: "మీరు మాట ఇచ్చేశారు కదండీ బావగారూ. పావుగంటేగా. కానివ్వండి."

వాడలా అనకుండా నాలుగు తిట్టి ఉంటే నాకు ఎంతో సుఖంగా ఉండేది.

చక్రాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ చప్పుడులో పడుకుని ఆ చప్పుడులో లేచే ఊరది. ఒక్కసారిగా ఆగేసరికి కొబ్బరిచెట్ల మీద కాకులు కూడా కిందకి వంగి చూశాయి. ఎక్కడో ఒకావిడ తలుపు తీసుకుని బయటికొచ్చి "ఏమైందర్రా?" అంది. నాకు నా గుండె చప్పుడు వినిపించింది. ఆ కేబుల్‌కి కూడా వినపడుతుందేమోనని గుండె మీద చెయ్యి వేసుకుని వ్యానులోకి నడిచాను.

లారీ గుర్రుమంది. తెర మీద రంగుల చారలు దిగాయి. ఇంజనీరమ్మ కాసేపు చూసి కుర్చీలో ముందుకు జరిగింది.

"ఇదేంది సార్?"

చారల మీద ఒక వంకర గీత. అటు పోయింది, మలుపు తిరిగి ఇటు వచ్చింది, మళ్ళీ అటు పోయింది. చీర అంచు కుట్టే కొత్త చెయ్యి వేసిన కుట్టులా ఉంది.

"బావిల గాదు సార్, పైన. గట్టు మీద కేబుల్ ఉన్నకాడ ఎవరో నడుస్తున్నరు. అడుగు పడ్డప్పుడల్లా అది అదురుతున్నది. కింది నుంచి వచ్చేది కూడా ఆ తొవ్వలనే రావాలె కద. పై పొరలన్నీ ఖరాబైతున్నయ్. లారీతోని మళ్ళ కొట్టాలె."

నేను ఆ గీతనే చూస్తున్నాను. అది ప్రతిసారీ ఒకచోటికి రాగానే ఆగుతోంది. కాసేపు కదలదు. మళ్ళీ బయల్దేరుతుంది.

"అక్కడ ఏమున్నది సార్?"

అక్కడ స్టార్టర్ బాక్సు ఉంది. చక్రాలు తిప్పే స్విచ్చు. ఒక మనిషి భయం ఎన్ని అడుగులుంటుందో, ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ ధైర్యం తెచ్చుకుని వెనక్కి తిరుగుతుందో అంతా అక్కడ బొమ్మ గీసి పెట్టింది ఆ గాజుపోగు. భూగర్భం చూద్దామని వచ్చి మా బావమరిది కడుపులోకి చూశాం.

ఫోను చేశాను. "ఒరేయ్, గట్టు మీద ఎవరైనా నడుస్తున్నారా?"

"లేదండి బావగారూ. పురుగుని కూడా రానివ్వట్లేదు. ఈ చివర్నించి ఆ చివరిదాకా నేనే కాపలా కాస్తున్నాను."

ఈ మాటలు చెబుతున్నంతసేపూ తెర మీద గీత ఇంకా జోరుగా నడిచింది. ఫోను చెవికి పెడితే మనవాళ్ళకి కాలు నిలవదు కదా.

"నువ్వు నడుస్తున్నావురా!"

"నేను నడవట్లేదండి. చెరువు చూసుకుంటున్నాను."

వాడు అబద్ధమాడలేదు. రొయ్యల రైతుకి తన గట్టు మీద తిరగడం నడక కింద లెక్కే కాదు. పొద్దున్న లేచి అరగంట తిరిగొచ్చి, "ఎక్కడికెళ్ళారు?" అని పెళ్ళాం అడిగితే "ఎక్కడికీ వెళ్ళలేదు, గట్టు మీదే ఉన్నాను" అంటాడు. భయం వేసినా తిరుగుతాడు, మేత వేసినా తిరుగుతాడు, ఏమీ తోచకపోయినా తిరుగుతాడు. డాక్టరు నడవమంటే మాత్రం టైము లేదంటాడు.

"కూర్చో. నీ కాళ్ళు ఇక్కడ కంప్యూటర్లో కనపడుతున్నాయి."

"ఎలా కనపడుతున్నాయండీ?" అన్నాడు భయంగా. "సరే, కూర్చున్నానండి."

లారీ మళ్ళీ గుర్రుమంది. గీత ఆగిపోయింది. నేను ఊపిరి వదిలాను. అంతలో ఇంజనీరమ్మ మళ్ళీ వంగింది.

"ఇప్పుడు నడుస్తలేరు సార్. ఒక్కకాడనే ఏదో టకటకమని కొట్టుకుంటున్నది."

నాకు చూడకుండానే తెలిసిపోయింది. వాడు కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. చిన్నప్పట్నించీ అంతే. పెళ్ళిపీటల మీద వాడు మోకాలు ఊపిన ఊపుకి తలంబ్రాల పళ్ళెం జరిగి జరిగి పురోహితుడి ఒళ్ళోకి వెళ్ళింది. మా అత్తగారు అందరిముందూ తొడ మీద ఒక్కటి వేశారు.

నేనన్న పావుగంట అప్పటికి అయిపోయింది. దాటిపోయింది. వాడు కంగారుపడి కదిలినందుకు పని చెడుతోంది, పని చెడినందుకు చక్రాలు ఇంకా ఆగి ఉంటున్నాయి, అవి ఆగి ఉన్నకొద్దీ వాడి కంగారు పెరుగుతోంది. ఈ గానుగ ఆపాలంటే ఫోను చాలదు. "ఇంకొక్కసారి సార్, ఒక్కటే" అని ఆ అమ్మాయి అంటుండగానే బయటికి పరిగెత్తాను. ఆ పరుగుకి తెర మీద పడ్డ గీతని ఆ అమ్మాయి తర్వాత నాకు చూపించింది. గట్టు మీదికి ఏనుగు వచ్చిందనుకుందట.

వాడు నీళ్ళవార గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే వేలు చూపించాడు.

ఒడ్డు పొడుగునా నీళ్ళపైన సన్నని మీసాలు. ఒకటి, రెండు కాదు. మబ్బు నీడలో నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి, వాటి మీద దారపుపోగులు ఆరేసినట్టు మీసాలు. రొయ్య గాలి కోసం పైకొస్తోంది. ఒకటి వెల్లకిలా తిరిగి మళ్ళీ సర్దుకుంది.

"ఆన్ చేసెయ్యమంటారా బావగారూ?"

వాడి చెయ్యి స్టార్టర్ బాక్సుకి మూరెడు దూరంలో ఉంది. చెరువు వాడిది, రొయ్య వాడిది, స్విచ్చు వాడిది. నన్ను అడుగుతున్నాడు.

నా చేతిలో ఫోను మోగింది. "సార్, లారీ రెడీ. మెదలకుండా ఉంటే ఒక్కసారిల అయిపోతది. కొట్టాల్నా?"

ఒకపక్క ఈ బావి కోసం నెలల తరబడి చాకిరీ చేసిన పిల్ల. ఇంకోపక్క నేను నలుగురిలో మాట ఇచ్చాననే ఒక్క కారణానికి తన చెరువు ఆపుకున్న వాడు. ఎవరికి ఏం చెప్పినా ఇంకొకరి నోట్లో మట్టే.

"కొట్టమ్మా" అన్నాను.

అక్కడ మేత బస్తాలున్నాయి. వాడిని పట్టి వాటి మీద కూర్చోబెట్టి కాళ్ళు పైకి మడిపించాను. నేల ఆనకుండా నేనూ పక్కన బాసింపట్టు వేసుకున్నాను. ఒక చేత్తో వాడి మోకాలు, ఇంకో చేత్తో మణికట్టు పట్టుకున్నాను. లారీ మొదలైంది. ఆ అదురు బస్తాల్లోంచి మా తుంట్లలోకి వచ్చింది. చెరువు మీద నీళ్ళు సన్నగా గగుర్పొడిచాయి. మీసాలన్నీ ఒక్కసారి మునిగి, అక్కడక్కడా రొయ్యలు చిటుక్కు చిటుక్కుమని ఎగిరాయి. మణికట్టులో వాడి నాడి నా వేళ్ళని కొడుతోంది. నేను వాడి చెవి దగ్గరికి వంగాను.

"ఒరేయ్, రొయ్యకి గుండె తలకాయలో ఉంటుందట, తెలుసా? మన ఇంటి మగాళ్ళకి అరికాళ్ళలో పెట్టాడురా దేవుడు. అందుకే ఆ గాజుతీగకి దొరికిపోయాం. అదే మీ అక్కని కూర్చోబెడితే ఏముంది? ఆవిడకి గుండె నోట్లో ఉంటుంది, కేబుల్ అక్కర్లేదు, రాజమండ్రి నుంచి వినపడుతుంది."

వాడు నవ్వాడు. నవ్వితే కదులుతావు, నవ్వకు అన్నాను. దాంతో ఇంకా నవ్వొచ్చి పెదవి కొరుక్కున్నాడు. ఆ నవ్వులో ఆ అదురు గడిచిపోయింది.

ఫోను మోగింది. "అయింది సార్! మంచిగొచ్చింది!"

నేను వినేలోపే వాడు బస్తాల మీదినుంచి దూకాడు. స్టార్టర్ మీద చెయ్యి పడింది. మొదటి చక్రం తిరిగింది, రెండోది తిరిగింది, చెరువంతా తెల్లగా నురగ తీసింది. వాడు గట్టు మీద ఆ చివరికి వెళ్ళి ఈ చివరికి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఇక ఎవరూ వద్దనలేదు. కేబుల్ పైకి లాగుతున్నవాళ్ళు కూడా వాడికి దారి వదిలారు.

మర్నాడు మేత పెట్టి నీళ్ళలో దించే చెక్ ట్రేలు ఎత్తితే చచ్చిన రొయ్య వచ్చింది. అడుగున ఇంకా ఎంత పడి ఉందో ఆ నీళ్ళకే తెలియాలి. రెండు రోజులు వాడూ నేనూ మేత ఎంత తింటోందో చూస్తూ ఆ గట్టు మీదే ఉన్నాం. మూడోనాడు ట్రే ఖాళీ అయింది. మేతంతా తినేసింది. ఖాళీ పళ్ళెం చూసి మగాళ్ళిద్దరు కళ్ళు తుడుచుకోవడం ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవారో. తర్వాత పట్టుబడి అయింది. ఆశపడ్డంత రాలేదు గానీ చెరువు నిలబడింది. మళ్ళీ సీడ్ వేశాడు. ఇంజనీరమ్మ ఫోన్లో పంపిన పొరల బొమ్మ వాడికి చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "నీళ్ళు ఎక్కడున్నాయండి ఇందులో?" అన్నాడు.

ఇదంతా చదివి ఏది నిజం, ఏది కోత అని మీరు వెతుక్కుంటారు కాబట్టి నేనే చెబుతాను. గీత నిజం. అది స్టార్టర్ దగ్గర ఆగడం నిజం. మోకాలు నిజం, తలంబ్రాల పళ్ళెం కూడా చాలావరకు నిజం. నేను కల్పించింది బస్తాల మీద వాడితో అన్న ఆ మాటలు. అక్కడ నేనేమీ అనలేదు. రొయ్య గుండె సంగతి నాకు అప్పటికి తెలీనే తెలీదు. ఆ నాలుగు ముక్కలూ వారం తర్వాత స్నానం చేస్తుంటే తట్టాయి. వాడు నవ్వనూ లేదు. లారీ అదురుతున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా నీళ్ళకేసే చూశాడు. వాడి మోకాలు కదలకుండా పట్టుకున్న నా చెయ్యి వణకడం మొదలుపెట్టింది. వాడు ఇటు తిరగలేదు. తన రెండో చెయ్యి తెచ్చి నా చేతి మీద వేసి, అది కదలకుండా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.